ఆస్పరాగస్ మడిలో క్రిస్మస్ కోత

రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ మొదటి తారీఖున, గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో గార్డెన్ సూపర్‌వైజర్‌గా ఉన్న నన్ను అమీన్‌పూర్‌లోని డైరెక్టరుగారి బంగళాకు మార్చారు. సూపర్‌వైజర్ అంటే మాలీలకు పైన, అగ్రికల్చర్ డిగ్రీ ఉన్న ఆఫీసర్లకు కింద. నాది పదో తరగతి. మిగతాదంతా డిక్షనరీ పక్కన పెట్టుకొని పుస్తకాల్లో నేర్చుకున్నదే. దాన్ని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పని, మందులు కొట్టని ఇంటి కూరగాయల తోట. అందులో డైరెక్టరుగారి భార్య, మేడంగారు ప్రత్యేకంగా కోరింది ఆస్పరాగస్. మన శతావరికి చుట్టం. వేళ్ల గుత్తిని జానెడు లోతున పెట్టి, పశువుల ఎరువు, వేపపిండి కలిపిన మట్టితో పూడ్చాలి. మొలక వేలంత లావున పొడుచుకొచ్చినప్పుడే కోసి వండుకోవాలి. వదిలేస్తే సోంపుమొక్కలా సన్నటి ఆకుతో నడుమెత్తు పెరుగుతుంది. ఆ ఆకు చేసే బలం వేళ్లలో చేరాలి కాబట్టి మొదటి రెండేళ్లు కోత లేదు.

చలికి ఆకు పండుతుందనీ, అప్పుడే దాన్ని కోసేయాలనీ నా పుస్తకం చెప్పింది. నేను కాచుకొని కూర్చున్నాను. మా దగ్గర అది పండితే కదా! ఏడాది పొడుగునా పచ్చగానే ఉండి, చీపురుపుల్లల్లాంటి మొలకలు వేసేది. మేడంగారిది కోస్తా వైపు వెటకారం. "ఇవి కూరకా, చెవిలో గులిమి తీసుకోవడానికా?" అన్నారు. మూడో ఏడు డైరెక్టరుగారు గడువు పెట్టారు: ఉగాదిలోగా భోజనాల బల్ల మీదికి రాకపోతే మడి తవ్వించి, కార్లు నిలపడానికి టైల్స్ వేయిస్తారట. డిగ్రీ లేనివాడికి అప్పగిస్తే ఇంతేనని ఆఫీసర్లు అంటారని నాకు తెలుసు.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు వేపపిండి తెచ్చేందుకు వెళ్లి వచ్చేసరికి మడి నున్నగా గొరిగి ఉంది. వంట చేసే మార్తమ్మ వరండాలో కూర్చొని ఆకును కట్టలు కడుతోంది. ఇస్నాపూర్‌లో వాళ్ల చర్చి అలంకరణకట.

"ఎవరినడిగి కోసినవ్ మార్తమ్మా?"

"మేడమ్మే కోసుకొమ్మన్నది సారూ. గడ్డి కోస్తే గడ్డి సస్తదా? జెర ఓపిక పట్టు, మళ్ల మొలుస్తది."

మూడేళ్ల చాకిరీని గడ్డి అన్నది. కోపంతో ఆ మడికి నీళ్ల వాల్వు కట్టేశాను. నెలకు పైగా అటు తిరిగి చూడలేదు. ఇక ఉగాదికి ఏమీ రాదనుకున్నారేమో, ఫిబ్రవరిలోనే టైల్స్ మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. నేల రాయిలా ఉంది, గడ్డపార దిగదన్నాడు. తవ్వకానికి మెత్తబడాలని నేనే వాల్వు తిప్పాను.

వారం తిరక్కుండా బొటనవేలంత మొలకలు, వరసగా, నేలను చీల్చుకొని లేచాయి. మేస్త్రీని గేటు దగ్గరే ఆపేశాను. ఆ మధ్యాహ్నం మార్తమ్మ వాటిని వెల్లుల్లి వేసి వేయించింది. డైరెక్టరుగారు రెండోసారి వడ్డించుకున్నారు. టైల్స్ మాట మళ్లీ రాలేదు.

"నీ బుక్కుల గిది రాయలేదా సారూ?" అని మార్తమ్మ నన్ను ఆరు నెలలు ఏడిపించింది.

రాయలేదు. ఆ పుస్తకం మంచు కురిసే దేశంలో రాసింది. ఆస్పరాగస్‌కు కావలసింది చలి కాదు, విశ్రాంతి. చలి చాలని చోట నీళ్లు ఆపి, ఆకు కోసి మనమే ఆ విశ్రాంతి ఇవ్వాలి. తరువాతి ఏడు నుంచి డిసెంబరు పనుల్లో ఈ రెండూ రాసిపెట్టాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగిన ఆఫీసర్లకు వంటమనిషి దగ్గరని చెప్పాను. ఒక్కడూ నోట్ చేసుకోలేదు.