లక్డారం గేటు మీద సమ్మెట దెబ్బ

నా చిన్నప్పుడు నాకు జీతం లేని ఉద్యోగం ఒకటి ఉండేది. మా పక్కింటి అక్క ఎక్కడికి వెళ్తే అక్కడికి తోడు వెళ్లడం. మా నాన్నకు పటాన్‌చెరు దగ్గరి పెద్ద కర్మాగారంలో పని దొరికి, మేము కృష్ణా జిల్లా నుంచి పటేల్‌గూడ వచ్చి పడ్డాం. పక్కింటివాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడ సేద్యం చేసుకుంటున్నవాళ్లు. ఆ ఇంటి పెద్దమ్మాయి ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుంది. ఆ తరగతి మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. నేర్చుకున్నన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. పని వెతుక్కుంటానన్నాకే అందరికీ నోళ్లు లేచాయి. ఒంటరిగా వెల్డింగ్ షెడ్ల వెంట తిరగొద్దని వాళ్లమ్మ పట్టుబడితే, పదేళ్లు కూడా నిండని నన్ను వెంట పంపారు. అడ్డొచ్చినవాళ్లను నేను తరిమికొడతానని కాబోలు.

ఆ రోజుల్లో పటాన్‌చెరు చుట్టుపక్కల చిన్న షెడ్లలో ఒక అలవాటు ఉండేది. ఇప్పుడు లేదని నేను ప్రమాణం చేయలేను. కొత్తగా పని నేర్చుకున్నవాళ్లు వస్తే ట్రయల్ అనేవాళ్లు. ఒక ముక్క అతికించి చూపించమంటే అది న్యాయమే. వీళ్లు మాత్రం పొద్దున కూర్చోబెట్టి, సాయంత్రం దాకా కిటికీలూ గేట్లూ ఉచితంగా చేయించుకునేవాళ్లు. ఆఖరికి ఒకసారి వంగి చూసి, పెదవి విరిచి, చేయి ఇంకా తిరగలేదు పొమ్మనేవాళ్లు. మర్నాడు ఆ పీట మీద ఇంకో కొత్తవాడు. అక్క అలా రెండు షెడ్లలో పొద్దంతా చాకిరీ చేసి తిరిగొచ్చింది. రెండోసారి బస్సులో తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. తప్పు ఆ చేతిలోనే ఉందేమోనని. ఆ చూపు గుర్తొస్తే ఆ షెడ్లవాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో షెడ్డుకు వెళ్లింది శనివారం నాడు. అదే ఆఖరిదని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు. మందుల కంపెనీలో డబ్బాలకు కాగితాలు అంటించే పని ఒకటి వాళ్ల బావ మాట్లాడి పెట్టాడు, సోమవారం చేరాలి. అది తక్కువ పనని నేననను. అక్కకు మాత్రం ఇనుము కావాలి, నిప్పు కావాలి. ఇష్టమైన పని చేతిలో ఉండి, ఇంకొకరు చూపించిన పీట మీద కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు ఆమె నడకలోనే తెలిసింది.

ఆ షెడ్డు యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. ఆయన అక్క పేరైనా అడగకుండా ఒక పెద్ద గేటుకు కోసి పెట్టిన ఇనప ముక్కలు చూపించి, అతికించమన్నాడు. అక్క నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, నిప్పు వైపు చూస్తే కండ్లు పోతయని బెదిరించింది. ఇగ నేను పొద్దంతా గోడనే చూశాను. గోడ మీద నీలం వెలుగు మెరుస్తుంటే అక్క పని సాగుతోందని తెలిసేది. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు తప్ప ఆ మెరుపు ఆగలేదు.

గేటు పూర్తయ్యేసరికి, దాన్ని చేయించుకున్న పెద్దాయన లక్డారం నుంచి ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. బర్రెల కొట్టానికట. సేటు గేటు మీద ఓ చూపు వేసి, అదే పాత పాట పాడాడు. అంతటితో అక్క వైపు వీపు తిప్పి, గేటు ట్రాక్టర్ ఎక్కించమని పనివాళ్లకు చెప్పాడు. నేను అక్క చున్నీ పట్టుకుని ఇంటికి పోదామని లాగాను. ఆమె కదల్లేదు.

"సేట్, గేటు మంచిగ రాలేదన్నరు గద?"

"అన్న గదమ్మా. ఇంక జెర నేర్చుకోని రా."

"మరి ఖరాబ్ గేటు ఈ పెద్దయ్యకు ఎట్ల ఇస్తరు? రేపు బర్రె కుమ్మితే ఊడొస్తది. దించుమనుర్రి, సమ్మెటతోని కొట్టి సూద్దాం. ఊడితే మళ్ల నేనే అతికిచ్చి పోత."

సేటుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊడితే బేరం పోతుంది, ఊడకపోతే మాట పోతుంది. ఆయన కంగారులో, గేటు బానే ఉంది ఎక్కించమని పనివాళ్లను కసిరాడు. పెద్దాయన చుట్ట పక్కన పెట్టి లేచాడు.

"మంచిగుంటే పిల్లనెందుకు పొమ్మంటున్నవ్? దించుర్రి. నా గేటు, నేనే కొడ్త."

సమ్మెట ఎత్తి, గేటును స్తంభానికి పట్టి ఉంచే కీలు దగ్గర మూడు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు ఇనప పట్టీ వంగింది. అతుకు మాత్రం ఊడలేదు. పెద్దాయన దాన్ని బొటనవేలితో తడిమి చూసి, వంకరైన పట్టీని ఆ పిల్లతోనే సరి చేయించి ఇమ్మన్నాడు.

సేటు అక్క వైపు తిరిగాడు. "సరే, సోమవారం సంది రా."

"సోమవారం ఏంది సేట్? పొద్దుగాల సంది పనిలనే ఉన్న గద."

ఆ మాట అని, కళ్లకు అడ్డం పెట్టుకునే నల్లద్దం తీసుకుని మళ్లీ గేటు ముందు కూర్చుంది. సేటు వెళ్లి హాజరు పుస్తకం తెచ్చాడు. అప్పుడు అడిగాడు ఆమె పేరు.

తిరుగు బస్సులో నేను గర్వంతో పొంగిపోయాను. అక్క మాత్రం మూడో దెబ్బకు కళ్లు మూసుకున్నానని చెప్పింది. ఊడిపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాను. "ఊడితే, ఏడ ఊడిందో తెలుస్తుండె గద," అంది. ఆ రోజు మొదటిసారి నవ్వింది కూడా.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. సుల్తాన్‌పూర్‌లో ఆసుపత్రుల కోసం గొట్టాలు చేసే కంపెనీలో, అతుకులు పరీక్షించడం నా పని. కొత్త పిల్లలు ట్రయల్‌కు వస్తే ఒక్క అతుకు వేయమంటాను, రెండోది వేయనివ్వను. దాన్ని వాళ్ల ముందే గట్టిగా లాగుతాను. ఊడితే ఎక్కడ ఊడిందో చూపిస్తాను. ఊడకపోతే పేరు అడిగి హాజరు వేయిస్తాను. సోమవారం నుంచి వేద్దాంలెండి అంటాడు మా మేనేజరు ప్రతిసారీ. పొద్దుటి నుంచే పనిలో ఉన్నట్టు లెక్క, ఈ రోజే వేయండి అంటాను.