ఆరు బొమ్మల మీద నేను చెరిపేసిన గాయాలు

2023 వర్షాకాలం. కొండాపూర్‌లో ఒక మందుల షాపు పై అంతస్తులో నా వర్క్‌షాప్ పెట్టి అప్పటికి నాలుగేళ్లు. నేను చేసేది మినియేచర్ పెయింటింగ్. మినియేచర్ అంటే బొటనవేలంత బొమ్మ. కత్తి పట్టిన వీరుడో, మంత్రగత్తెనో, రాక్షసుడో. రోల్‌ప్లేయింగ్ ఆటల్లో వీటిని బల్ల మీద నడిపిస్తారు. కథ నడిపే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర అయి, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి.

ఒక శనివారం నరేందర్ అనే టెస్టింగ్ ఇంజనీరు వచ్చాడు. చేతిలో చెప్పుల డబ్బా. లోపల దూది పరిచి, దాని మీద ఆరు బొమ్మలు పడుకోబెట్టాడు. తీగ వంచి, దాని చుట్టూ ఎపాక్సీ పుట్టీ అనే, ఆరితే రాయిలా గట్టిపడే ముద్ద అద్ది చేసినవి. వాళ్లది పాతకాలం పద్ధతిలో ఆడే బృందమట. గళ్ల కాగితం మీద పెన్సిలుతో మ్యాపులు గీసుకుంటారు, బొమ్మలు ఇంట్లోనే చేసుకుంటారు.

"ఇల్లు మారేటప్పుడు ఈ రెండింటికి చేతులు ఇరిగినయ్ మేడం. జర అతికియ్యుర్రి, చాలు. మిగతావాటి జోలికి పోకుర్రి. మా గేమ్ మాస్టర్ సుధక్క చేసినయ్. పదేండ్ల సంది వీటితోనే ఆడుతున్నం."

"అలాగేనండి" అన్నాను.

విరిగిన చేతులు అతికించడానికి గంట కూడా పట్టలేదు. తర్వాత ఆ బొమ్మల్ని దీపం కింద పెట్టి చూశాను. రంగు మందంగా ఉంది. ఒకడి బుగ్గ మీద ఎర్రటి గీత, ఇంకొకడి కన్ను మీద నల్లటి చుక్క, వీపుల మీద మరకలు. చేయి తిరగని మనిషి పని అనుకున్నాను. వీటిని నేను వేస్తే ఎలా ఉంటాయో చూపించాలనిపించింది. నరేందర్ కోసం కాదు. ఆన్‌లైన్‌లో నా పేజీలో ఫోటోలు పెట్టుకోవడం కోసం.

స్ట్రిప్పింగ్ అని ఒక పని ఉంది. రంగును కరిగించే ద్రవంలో బొమ్మను నానబెట్టి, బ్రష్‌తో రుద్ది పాత రంగంతా వదలగొట్టడం. ముందు నుంచి ఒక ఫోటో తీసి పెట్టుకుని, ఆరింటినీ అలా చేశాను. పైన ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి వేసే తొలి పూత, వేసి వారం రోజులు కూర్చుని కొత్తగా పెయింట్ చేశాను. పాతవాటి ఫోటో పక్కన కొత్తవాటి ఫోటో పెట్టి, "ఒకటో తరగతి నుంచి పీజీ దాకా" అని రాసి, నవ్వే ఎమోజీ ఒకటి తగిలించాను. చాలామంది మెచ్చుకున్నారు.

తీసుకోవడానికి వచ్చిన నరేందర్ డబ్బా తెరిచి, ఒక్కో బొమ్మనీ తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది మేడం ఇది? రెండే కదా చెప్పిన?"

"రంగు పెచ్చులూడిపోతోందండి. వదిలేస్తే అన్నీ పాడైపోయేవి" అన్నాను. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు మధ్యాహ్నం సుధ గారే వచ్చారు. నలభై దాటి ఉంటాయి. అనంతపురం మనిషి. కుడిచేయి వణుకుతుంటే ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నారు. నరాల జబ్బట, రెండేళ్లుగా బ్రష్ పట్టలేకపోతున్నారట.

"చానా బాగుండాయి మేడం" అన్నారు. తర్వాత ఒక బొమ్మ బుగ్గ మీద వేలు పెట్టారు. "ఈడ ఎర్రగీత ఉండె. నరేందర్ ఒక్కడే వంతెన కాసిన దినం తగిలిన దెబ్బ. ఆటలో ఎవురికి గాయమైనా, ఆట అయినాక ఆ బొమ్మ మీద వేస్తా ఉంటి. ఏం చేస్తాంలే. పెచ్చులూడినాయంటే నేనే ప్రైమర్ సరిగా వేసుండను. మీకు శ్రమ ఇచ్చినాను."

ఆమె నాకు క్షమాపణ చెబుతున్నారు. నేను "ఫర్వాలేదండి" అన్నాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయేదాకా తల ఎత్తలేదు.

పేజీలో ఆ పోస్టు తీసేశాను గానీ మనసు కుదుటపడలేదు. తరువాతి ఆదివారం ఉదయం ఖాజాగూడలో వాళ్లు ఆడుకునే ఫ్లాటుకి వెళ్లాను. అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను, పోస్టులో రాసిన వెటకారంతో సహా. నరేందర్ లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. సుధ గారు అడిగారు.

"అంత అధ్వానంగా ఉండెనా మేడం, నా పని?"

కాదని చెప్పొచ్చు. కానీ ఇంకో అబద్ధం ఆడదలుచుకోలేదు. "అప్పుడు నాకలాగే అనిపించిందండి" అన్నాను. ఆమె తల ఊపారు.

గాయాలన్నీ మళ్లీ వేసివ్వనా అని అడిగాను. ఒప్పుకున్నారు. ముందువైపు గుర్తులకు నేను ఎగతాళికి తీసిన ఆ ఫోటోయే ఆధారమైంది. వెనకవైపు నేను ఫోటో తియ్యలేదు. వీపు మీద బాణం దెబ్బ ఎవరిదో, కాలిన మచ్చ ఎవరిదో వాళ్లు చెబుతుంటే వేస్తూ పోయాను. కొన్నిచోట్ల వాళ్లలో వాళ్లకే మాట కలవలేదు. ఆరింటిలో వైద్యుడి పాత్ర బొమ్మ వెనక ఏముండేదో ఎవరికీ గుర్తు రాలేదు. ఊహించి వెయ్యబోతే సుధ గారు ఆపారు. "వద్దులే మేడం. తెలీంది వెయ్యొద్దు." ఆ వీపు అలాగే ఖాళీగా ఉండిపోయింది.

ఇప్పుడు ఎవరు బొమ్మ తెచ్చినా, దాని మీదున్న ప్రతి గీతా ఏమిటో వాళ్ల చేత చెప్పించుకుని రాసుకుంటాను. అడిగినంతవరకే చేస్తాను. సుధ గారు తర్వాత కూడా ఇద్దరు ముగ్గుర్ని నా దగ్గరికి పంపారు. నరేందర్ మళ్లీ రాలేదు.

గాయాలు చెరిపేసి ఆ వారం వేసినంత బాగా ఇన్నేళ్లలో నేను ఇంకేదీ వెయ్యలేదు. ఆ ఫోటోలు ఇంకా నా దగ్గరున్నాయి. ఎవరికీ చూపించను.