ఏ కొస పైన, ఏ కొస కింద: ఒక గులాబీ కొమ్మతో కొండాపూర్ నుంచి నార్సింగికి

చలికాలంలో గులాబీలు పెంచేవాళ్ళకి కాలక్షేపం ఏమిటని మా ఆఫీసులో ఒకావిడ అడిగింది. భయపడటమేనండి అన్నాను. ఆవిడ నవ్వింది కానీ నేను నిజమే చెప్పాను. దసరా వెళ్ళగానే కొమ్మలు కత్తిరిస్తాం. ఇక అక్కణ్ణుంచి ఆకుల మీద బూజు పట్టిందా, మొగ్గలో పురుగు దూరిందా, కోసిన చోట కొమ్మ నల్లబడిందా అని వెతుక్కోవడంతోనే సరిపోతుంది. మన హైదరాబాదులో పూలు విరగబూసేదీ ఈ కాలంలోనే కాబట్టి, చూసేవాళ్ళకి మాత్రం మేం మహా సుఖపడిపోతున్నట్టు ఉంటుంది.

మా కొండాపూర్ బాల్కనీలో ఈసారి నల్లబడింది ఒక్క మొక్కే. కానీ అది పోకూడని మొక్క. పేరేమిటో తెలియదు, ఎప్పుడో తోపుడుబండి మీద వస్తే కొన్నాను. మా ఆయన మురళికి కోవిడ్ తగ్గాక వాసనలు తెలియడం పోయింది. పప్పు మాడినా, అగరొత్తులు వెలిగించినా ఆయనకి ఒకటే. అలాంటిది పోయిన చలికాలం ఒకరోజు ఈ పువ్వు దగ్గర వంగి, "సుధా, వాసన వస్తోంది!" అని కేకేశారు. ఆ తర్వాత ఎన్నిటి దగ్గర ముక్కు పెట్టినా ఏదీ తెలియలేదు. ఈ ఒక్క పువ్వే. ఆ మొక్కకి పైనుంచి కిందికి నలుపు దిగుతుంటే నాకు అన్నం సహించలేదు. చివరికి జానెడు పచ్చకొమ్మ మిగిలింది. ఆకు మొదట్లో చిగురు దాగి ఉండే చోటుని కన్ను అంటారు. ఆ కళ్ళు చెక్కి వేరే మొక్కకి అంటుకడితే తప్ప దక్కదని నార్సింగిలో నర్సరీ నడిపే యాదగిరి ఫోనులో చెప్పాడు.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి క్యాబ్ ఎక్కాం. యాప్‌లో ఛార్జీ మూడు వందల చిల్లర చూపించింది, మామూలుగా అరగంట దారి. తడిగుడ్డలో చుట్టిన కొమ్మని డబ్బాలో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. గచ్చిబౌలి దాటి ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సర్వీస్ రోడ్డెక్కేసరికి పొగమంచు కమ్మేసింది. పెద్ద పెద్ద టవర్లకి పై అంతస్తులే లేవు. ఎదురొచ్చే లారీ లైట్లు మీదకి వచ్చేదాకా కనబడటం లేదు. డ్రైవరు కిటికీ దించి తల బయటపెట్టి నడుపుతున్నాడు.

"కాసేపు పక్కకి ఆపుదామా బాబూ?" అన్నాను.

"ఆపితెనే పరేషాన్ మేడం. ఎనకొచ్చేటోడు గుద్దుతడు. మెల్లగ పోతనే ఉండాలె."

ఆ మాటతో ఉన్న ధైర్యం కాస్తా పోయింది. మురళి డబ్బా వైపు తప్ప రోడ్డు వైపు చూడలేదు.

యాదగిరి నర్సరీ ఒక అపార్ట్‌మెంట్ల ప్రహరీని ఆనుకుని మట్టిబాటలో ఉంది. మంకీ క్యాప్, పెద్ద గొంతు, తన పని మీద తనకి బోలెడు గర్వం. గుడ్డ విప్పి కొమ్మని అటూ ఇటూ తిప్పాడు.

"ఏ కొస పైన, ఏ కొస కింద?"

నేను మురళి వైపు చూశాను. ఆకు కోసినా తొడిమ ఉంచాలి, ముళ్ళు ఉంచాలి. ముల్లు కిందికి వంగి ఉంటుంది కాబట్టి దాన్ని బట్టే తల, తోక తెలుస్తాయి. ముందురోజు సాయంత్రం నేను వంటింట్లో ఉండగా మురళి అవన్నీ గీకేసి కొమ్మని పెన్సిల్‌లా నున్నగా చేసిపెట్టారు.

"తొడిమె లేదు, ముల్లు లేదు. కన్ను తలకిందులు కడితె మొలక భూమిలకు పోతదా సార్?"

"మా ఆవిడ చేతికి గుచ్చుకుంటాయని..." అన్నారు మురళి. మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది, అంతలోనే జాలేసింది.

చలిమంట దగ్గర కూర్చున్న యాదగిరి భార్య అనసూయమ్మ నవ్వింది. "పెండ్లాం చెయ్యి సూసుకున్నడు సారు. నువ్వెందుకు ఒర్లుతున్నవ్?"

మసక వెలుతురులో కొమ్మ ఆనడం లేదు. పైగా అంటుకట్టాల్సిన నాటు గులాబీకి చలికి తోలు, అంటే పై బెరడు, లేవడం లేదట. తోలు లేవందే కన్ను లోపలికి దూరదు. ఎండ రావాలి. చలికాలమంతా వీళ్ళ పని ఇలాగే ఉంటుందని అప్పుడు తెలిసింది. అనసూయమ్మ టీ పోసింది. ఒక కొమ్మకి ఒకే పువ్వు నిలిచేలా పక్క మొగ్గలు తుంచుతూ కూర్చుంది. యాదగిరి కత్తి తుడవడం, వెళ్ళి గోటితో తోలు నొక్కి చూడటం, గొణుక్కుంటూ రావడం. మురళి మాటిమాటికీ గుడ్డ తడుపుతున్నారు. ఈలోగా కళ్ళు ఎండిపోతే? అదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

పది దాటాక ఎండ పడింది. యాదగిరి కళ్ళజోడు పెట్టుకుని కొమ్మని కంటికి ఆనించి చూశాడు. ఆకు రాలిన చోట సన్నటి గీత, దాని పైన కన్ను. "గీత కిందికి. దొరికింది!" అని అరిచాడు. మూడు కళ్ళల్లో ఒకటి గీకుడులో పోయింది. మిగిలిన రెండూ రెండు మొక్కలకి కట్టి టేపు చుట్టాడు.

"బతుకుతాయంటారా?" అన్నాను.

"గా మాట మా పనిల అడుగరు మేడం. నాకు గూడ దడనే. మూడు వారాలైనంక రాండ్రి."

జనవరిలో ఒక మధ్యాహ్నం వెళ్ళాం. ఒక కన్ను నల్లగా మాడిపోయింది. రెండోది పచ్చగా ఉబ్బి, చీమతలంత ఎర్రటి చిగురు బయటపెట్టింది. నాకు ఏడుపొచ్చేసింది. మురళి కుండీ ఎత్తుకున్నారు. క్యాబులో దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, చిగురు వైపే చూస్తూ అన్నారు.

"ఇదీ పోతే బావుండునని ఒక్కోసారి అనిపించింది సుధా."

"అదేం మాటండీ?"

"మొక్క పోతే, మొక్క పోయింది అనుకుంటాను. ఇది పూసి, నాకేమీ తెలియకపోతే?"

ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకే దానికి భయపడుతున్నామనుకున్నాను. నాది మొక్క బెంగ. ఆయనది అది బతికాక మొదలయ్యే బెంగ. ఇంటిదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అంటు కట్టించుకోవడానికి అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. పొగమంచు విడిచాక, ఏ తొమ్మిదింటికో బయల్దేరండి. ఎండ పడందే అక్కడ పని మొదలవదు, మాలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోనక్కర్లేదు. ఇక మా సంగతి. మొక్క మొగ్గ తొడిగింది, నిన్న సాయంత్రం ఒక రేక విడింది. మురళి కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చున్నారు, మొహం మాత్రం రోడ్డు వైపు పెట్టుకుని. నేనూ ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కన వేసుకున్నాను.