అవ్వ మొక్కిన రిపోర్టు

మా తమ్ముడి తలలో గడ్డ తీశాక ఆ ముక్కను జన్యు పరీక్షకు పంపారు. వాడి చేతిలో ఉన్నవి నెలలా, ఏండ్లా అన్నది దాన్ని బట్టి కొంత తెలుస్తుందన్నారు. నెల్లికుదురులో ఉన్న అవ్వకు, అంటే మా అమ్మకు, ఫోన్ చేసి, రిపోర్టు కోసం చూస్తున్నామని మాత్రం చెప్పాను.

మా దిక్కు రిపోర్టంటే అందరికీ ఒకటే తెలుసు. ఏం లేకుంటే మంచిది, ఏమన్నా ఉంటే చెడ్డది. అవ్వ వెంటనే సమ్మక్కకు మొక్కుకుంది. "నా కొడుకు రిపోర్టుల ఏం రావద్దు తల్లీ, వాని ఎత్తు బంగారం ఇచ్చుకుంట." సమ్మక్కకు ఇచ్చే బంగారమంటే బెల్లమే.

"జన్యువులో మార్పు ఉంది" అన్నాడు డాక్టరు, రిపోర్టు చూసి. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మొహంలో నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. "గీ నవ్వుడేంది సార్?" అని అడిగేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఆ మార్పు ఉన్న గడ్డలు మెల్లగా పెరుగుతాయట, మందులకు బాగా లొంగుతాయట. లేకుంటేనే ఎక్కువ భయపడాలట. రోగం పూర్తిగా పోయిందని కాదు గానీ, ఏండ్ల లెక్కన మాట్లాడుకోవచ్చన్నాడు.

ఇంటికి పోయి చెబితే అవ్వ కూలబడింది. "అంటే నా మొక్కు ఫలిస్తే నా కొడుకు ఆగమైతుండెనా?"

"అవునే. ఇగ బెల్లం మిగిలినట్టే" అని ఆట పట్టించాను. నాకు అంత సంతోషంగా ఉంది మరి.

"నోర్ముయ్. తెలివిలేక అడిగిన. అడిగింది ఇయ్యకుండ కాపాడింది తల్లి. ఇంకింత ఎక్కువనే ఇయ్యాలె."

జాతర ముందు బెల్లం దుకాణంలో తమ్ముణ్ణి తక్కెడలో కూర్చోబెట్టాం. మందులతో ఒళ్లు వచ్చింది వాడికి. ముద్ద మీద ముద్ద పెడుతుంటే అందరూ చూస్తున్నారని సిగ్గుపడి, "ఇగ చాలు అవ్వా" అన్నాడు.

"ఊకో. వచ్చే జాతరకు ఇంకింత బరువైతవ్, గప్పుడు ఇంకా పెడ్త" అంది అవ్వ, ఇంకో ముద్ద ఎత్తుతూ.

జాతర రెండేండ్లకోసారి. ఆపరేషన్ అయిన నాటి నుంచి మా ఇంట్లో ఎవరమూ వచ్చే వారం మాట కూడా ఎత్తలేదు. మరదలు కండ్లు తుడుచుకుని, "గప్పటికి పెద్ద తక్కెడ చూడాలె అత్తా" అంది.