బోరింగు దగ్గర పెట్టిన మంట

మా పెద్దమ్మకు రెండు ఎండాకాలాల నుంచి ఒకటే కోరిక. నిండు బకెట్ నీళ్లు తలమీంచి పోసుకుని స్నానం చేయాలె. మాది ఆవపల్లి అవతల చిన్న ఊరు, ఉన్న ఒక్క బోరింగు పాడైంది. ఆడోళ్లు వాగు ఇసుకలో చెలిమె తోడి, ముంతతో ముంచి, బిందెలు నెత్తిన పెట్టుకుని తేవాలె. అట్ల తెచ్చిన నీళ్లు తాగడానికి, వండుకోవడానికే సరి. స్నానమంటే ఓ చెంబు నీళ్లు, ఓ తడిగుడ్డ, అంతే. "పిల్లి కూడా నాకంటే మంచిగ తానం చేస్తదే" అని పెద్దమ్మ మొత్తుకునేది.

నేనేమో మా జిల్లా టౌను బీజాపూర్‌లో ఆన్‌లైన్ షాపు నడుపుత. ఆధార్, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, శికాయత్ అంటే ఫిర్యాదు, ఏదైనా సరే, నా చెయ్యి పడితే ఫారం నిండాల్సిందే. ఆ గర్వం నాకు జర ఎక్కువే, దాచుకోను. "నేనుండంగ నీకేంది పెద్దమ్మా" అని బోరింగు మీద ఆన్‌లైన్ శికాయత్ పెట్టిన. వారం తిరగకముందే ఫోన్‌కు మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది. ఆదివారం ఊరికి పోయి చూస్తే పిడి కిర్రుమంటది గానీ చుక్క రాదు. మళ్ల పెట్టిన. మళ్ల పరిష్కారమైంది. ఆరుసార్లు పెట్టిన, ఆరుసార్లూ పరిష్కారమైంది! నా మాట నమ్మి పెద్దమ్మ ప్రతిసారీ బకెట్ పట్టుకుని బోరింగు దాకా పోవుడు, ఖాళీ బకెట్ ఊపుకుంటూ వచ్చుడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది.

ఇంతల ఇప్పపువ్వు కాలం వచ్చింది. పువ్వు తెల్లారేసరికి రాలి ఉంటది. కింద ఎండుటాకులుంటే పువ్వు కనబడదు, అందుకని ముందే ఆకులు ఊడ్చి కాలబెడతం. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. ఈసారి పెద్దమ్మ నాలుగు చెట్ల ఆకులు ఒక్కచోటే కుప్పేసి అంటుపెట్టింది. ఆ మధ్యాహ్నమే బండి మీద ఫారెస్టు గార్డు దిగిండు. భోపాలపట్నం మనిషి, తెలుగు వచ్చు. ఆదివారం కాబట్టి నేనూ అక్కడే ఉన్న.

"ఎవరు చెప్పిర్రు సారూ నీకు?" అన్నది పెద్దమ్మ, పక్కింటావిడ దిక్కు అనుమానంగా చూసుకుంట.

"ఎవరూ చెప్పలేదమ్మా. పైన శాటిలైట్ తిరుగుతది. ఏ దేశంలో అడవి కాలినా చూస్తది, ఫోన్‌కు పంపుతది" అని గార్డు తన ఫోన్‌లో మ్యాపు చూపించిండు. పచ్చటి అడవి నడుమ ఒక ఎర్రచుక్క. అది మా పెద్దమ్మ.

పెద్దమ్మ గబుక్కున కొంగు సవరించుకుని ఆకాశం దిక్కు చూసింది. "అంత పైనుంచి నా ఆకులు కనబడ్డయా?"

"కనబడ్డయి."

"మరి మా బోరింగు కనబడలే?"

"అది మంటనే చూస్తదమ్మా, నీళ్లను చూడదు."

"నీళ్లుంటే గద చూసేది!"

గార్డుకు నవ్వొచ్చింది. ఈసారికి వదిలేస్తున్న, ఇంకోసారైతే కేసే అని బెదిరించిండు. పెద్దమ్మ వేయించిన ఇప్పపువ్వు దోసిలి నిండా పెట్టి, ఎంత కుప్పయితే కనబడ్తది, ఏ పొద్దుకైతే మంచిగ కనబడ్తది అని మెల్లగా అడిగింది. పాపం ఆయన తినుకుంట అన్నీ చెప్పిండు. మరునాటి నుంచి పెద్దమ్మ ఊడ్వడానికి కూడా పెండ్లికి కట్టే చీర కడుతున్నదని తెలిసింది. పైనుంచి చూస్తుంటే చిరిగిన చీరేంది, ఊరి పరువు పోదా అన్నదట.

మళ్ల ఆదివారం నేను పోయేసరికి ఊరి ఆడోళ్లందరూ గంపలతో ఆకులు తెచ్చి బోరింగు పక్కన ఉత్త నేల మీద పోస్తున్నరు. కుప్ప నా కంటే ఎత్తుంది.

"ఏందే పెద్దమ్మా, పిచ్చిగిన పట్టిందా? కేసు పెడ్తరు! జైల్ల వేస్తరు!"

"వేయనీ. జైల్ల నల్లా ఉంటదంట గద."

నిజంగనే భయమైంది నాకు, ముసల్ది అన్నంత పని చేస్తది. అగ్గిపుల్ల గుంజుకుందామని ఉరికిన గానీ అప్పటికే అంటుకుంది. చుట్టూ పచ్చికొమ్మలు పట్టుకుని ఆడోళ్లు కాపలా నిలబడ్డరు, నిప్పు అటిటు పోకుండ.

గార్డు ఇంకిద్దరిని వెంటేసుకుని వచ్చిండు. వాళ్ల దగ్గర మంట పాకకుండ ఆకులు ఊదే మెషిన్ ఉంది. అప్పటికి కుప్ప మొత్తం బూడిదైంది. కంగారుల ఒకాయన మెషిన్ ఆన్ చేసి బూడిద మీదికే ఊదిండు. ఇగ చూడు! ముగ్గురూ నల్లగైపోయిర్రు, పండ్లు తప్ప ఏం కనబడలే. నేను నవ్వు ఆపుకోలేక బోరింగు వెనక్కి పోయిన.

"నీళ్లమ్మా, నీళ్లు!" అని కండ్లు మూసుకుని అరిచిండు గార్డు.

"అగో, నీ పక్కనే బోరింగు. కొట్టుకో సారూ" అన్నది పెద్దమ్మ.

కొట్టిండు. కిర్రు, కిర్రు. కసితోటి నలభైసార్లు కొట్టిండు. తర్వాత పిడి వదిలేసి, పెద్దమ్మ దిక్కు తిరిగిండు. "నిప్పు లేంది పొగ రాదంటరు" అన్నది పెద్దమ్మ. "మా ఊర్లయితే పొగ లేంది నీళ్లు కూడా రావు సారూ."

గార్డు నిలబడే ఫోన్ తీసి రిపోర్టు నింపబోయిండు, కండ్లల్ల బూడిద, కనబడలే. "ఫారాలు నింపుతవంట గద, నువ్వు నింపు చెల్లే" అని నాకిచ్చిండు. మంటకు కారణం ఏందని ఫారం అడుగుతున్నది. బీడీ, వేట, ఇప్పపువ్వు, పిడుగు, ఇతరం. ఏం రాయాలె సారూ అన్న. "ఉన్నదే రాయి" అన్నడు. ఇతరం నొక్కి, సర్కారుకు తెలిసే హిందీల రాసిన: చేతిపంపు పాడైనందుకు. నా లెక్కల అది ఏడో శికాయత్.

ఆ రిపోర్టు పై ఆఫీసు దాకా పోయిందంట, నాలుగో రోజు మెకానిక్ పైపులతో దిగిండు. బోరింగు బాగైంది గానీ, ఈసారి నాకు మెసేజ్ మాత్రం రాలే.

ఊరి నుంచి ఫోన్ రాంగనే షాపు మూసి ఊరికి ఉరికిన. పెద్దమ్మ నా కోసం ఆగింది. బకెట్ నిండింది, అంచులమీంచి పొర్లుతున్నది. చుట్టూ తడక కట్టుకుంది. చెంబు ముంచి, ఎత్తి, ఎందుకో ఆగింది. తలెత్తి ఆకాశం మీద గట్టిగ అరిచింది.

"నీకు పుణ్యముంటది బిడ్డా, చూసింది చాలు, ఇగ అటు తిరుగు!"

శాటిలైట్ అటు తిరిగిందని ఆమెకు నమ్మకం కుదరలే. దాంతోటి నేను స్టూలెక్కి, రెండు చేతులతో పెండ్లిచీర ఆమె నెత్తిమీద పందిరిలెక్క పట్టుకుని, తానం అయ్యేదాక నిలబడ్డ. ఆమె నాలుగు బకెట్లు పోసుకుంది.