వేసుకున్న రంగు

ముప్పై అయిదేళ్లకే నా తల తెల్లబడింది. దానితో నాకేం పేచీ లేదు. సిరిసిల్లలో పొద్దంతా సాంచాల మధ్య నిలబడి బట్ట నేసేవాడి తల ఎవడు చూస్తాడు? పోలీసులు చూసేవాళ్లు. నాకంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు అన్నల్లో కలిసి అడవికి పోయాడు. ఇద్దరిదీ ఒకే ముఖం. వాడి ఫొటో పట్టుకుని బస్సు ఆపినప్పుడల్లా నా తెల్ల జుట్టు చూసి వదిలేసేవాళ్లు.

అలాంటిది, కోరుట్లలో బామ్మర్ది పెళ్లికి పోతే, "ఫొటోలల్ల ముసలోని లెక్క పడ్తవు బావా" అంటూ వాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నల్లరంగు వేయించాడు. కడిగితే పోయే రంగు కాదది. వద్దనే అన్నాను. పెళ్లివాళ్లతో ఎంతసేపని వాదిస్తాం? పెళ్లికొడుకు కంటే నేనే బాగున్నానని ఆడవాళ్లు నవ్వారు.

తిరిగి వస్తుంటే వేములవాడ దగ్గర బస్సు ఆపారు. ఒక పోలీసు ఫొటో చూశాడు, నన్ను చూశాడు, తుపాకీ ఎత్తాడు. నా భార్య ఏడుస్తూ అతని కాళ్ల మీద పడింది. నన్ను ఎరిగిన ఎస్సై వచ్చేదాకా రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆయన నా తల చూసి విసుక్కున్నాడు.

"మల్ల ఎప్పటి లెక్క చేసుకో. మావోళ్లందరికి నువ్వు ఎర్కలేవు. ఎవడన్న కాలిస్తే నేనేం చెయ్య."

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టి గబుక్కున లేచింది. "నువ్వా" అని మళ్లీ కూర్చుంది. బియ్యం మాత్రం ఏరలేదు, నన్నే చూస్తూ ఉండిపోయింది.

సబ్బు, సోడా, నిమ్మకాయ, కిరసనాయిలు అన్నీ అయ్యాయి. రంగు కదల్లేదు. అద్దకం వాళ్ల దగ్గర నూలు రంగు విరిచే పొడి తెచ్చి, చెవి పక్కన కాస్త రాసి చూశాను. మాకు తెలిసిన విద్య అదే కదా. నూలుకు మంట తెలియదు, నాకు తెలిసింది. వెంట్రుకలు తుప్పురంగుకు తిరిగాయి, చెవి పొక్కింది. భార్య డబ్బా లాక్కుని పెంటకుప్ప మీద పారేసింది. ఇక ఓపిక లేదు. వాడు అడవికి పోతే నా నెత్తికి ఈ శిక్ష ఏమిటని వాడి మీద కోపం వచ్చింది.

"వేములవాడ గుడికి పోయి గుండు కొట్టించుకుంట" అన్నాను.

"రెండొద్దులు గట్లనే ఉండనియ్యరాదు కొడుకా" అంది అమ్మ.

"నన్ను సంపుకుంటవా?" అని కసిరాను. తెల్లారి అమ్మ నాకంటే ముందే తయారై వాకిట్లో నిలబడింది.

నెత్తికి తువ్వాల చుట్టుకుని పోయాను. కల్యాణకట్టలో గుండు చేసే ఆయన నా తల తడపబోతుంటే, "జర ఆగు తమ్మీ" అని అమ్మ కొంగులోంచి దువ్వెన తీసింది. తమ్ముడు దువ్వుకున్నట్టే పక్క పాపిట తీసి, జుట్టు నుదుటి మీదికి దువ్వింది. గడ్డం పట్టుకుని చూసింది. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎంతసేపైనా చూడనీ అని కదలకుండా కూర్చున్నాను.

"ఇగ తియ్యి" అంది చివరికి.

ఆయన కత్తి అందుకుంటూ, మొక్కు ఎవరి పేరు మీద అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ తమ్ముడి పేరు చెప్పింది.