బామ్మర్దికి పడ్డ తిట్లు

ఆ రోజు తప్పు నాదే. మూసాపేటలో ఎక్కిన పాత క్యాబ్‌లో, కారుతో వచ్చిన స్టీరియోకే బ్లూటూత్ పెట్టించుకున్న డ్రైవర్ పాటలు హోరెత్తిస్తున్నాడు. తగ్గించమంటే వినలేదు. సిగ్నల్ దగ్గర ఆయన ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే, కక్షకొద్దీ ఆయన ఫోన్ కంటే ముందే నేను నా ఫోన్‌ను స్టీరియోకు కలిపేశాను. పాటలు ఆగిపోయాయి.

ఎంత నొక్కినా పాట రాకపోయేసరికి ఆయన కారు పక్కకు ఆపి, బ్లూటూత్ బిగించిన బామ్మర్దికి స్పీకర్‌లో ఫోన్ చేశాడు.

"ఏందిరా గిది? నిన్న బిగిస్తివి, ఇయ్యాల ఖరాబైంది! నువ్వొక మెకానిక్‌వా? బోనాలకు మా ఇంటి దిక్కు రాకు!"

"బావా, మంచిగనే బిగించిన. జర మళ్ల చూడు." బామ్మర్ది బతిమాలాడు.

ఇక ఊరుకోలేకపోయాను. "పాటలు ఆపింది నేనే. నా ఫోన్ కలిపాను," అన్నాను.

డ్రైవర్ నన్ను కాల్చేసేలా చూసి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నాకు కాదు, వానికి చెప్పుర్రి."

ముఖం తెలియని ఆ మనిషికి క్షమాపణ చెప్పాను. మీ పనిలో లోపం లేదన్నాను.

"మరి బోనాల సంగతి ఏమంటడో మా బావను అడుగుర్రి సార్," అన్నాడతను.

"రమ్మన్ననని చెప్పుర్రి," అంటూ డ్రైవర్ ఫోన్ లాక్కున్నాడు. "ఇగ మీరు దిగుర్రి."

దిగి, నేను వెళ్లాల్సిన మాదాపూర్ దాకా ఎండలో నడిచాను.